చవక, చదువు, చిరునవ్వు

సోమవారం పొద్దున రెండో హాలు తాళం తీసేసరికి గుప్పున ఎలుక చచ్చిన కంపు కొట్టింది.

కొట్టదూ మరి. ఆ హాలు మూతపడి రెండు నెలలు దాటింది. ఉన్న ఒక్కగానొక్క పెద్ద క్లయింటు ఇంకో దేశంలో ఇంకా చవగ్గా పని జరుగుతుందని మూటాముల్లే సర్దుకుని పోయిన రోజునే, ఆ హాల్లోవాళ్ళందర్నీ ఇంటికి పంపేసి, ఫోను లైన్లు పీకించేసి, లైట్లార్పి తాళం బిగించారు. మనుషుల్ని తరిమేసిన చోట ఎలుకలు కాపరం పెట్టడం లోకంలో ఉన్నదే. ఇప్పుడు బల్లల మీద వేలెడు మందాన దుమ్ము, తివాచీ మీద పెంటికలు. మేనేజరు ఒక చేత్తో ముక్కు మూసుకుని రెండో చేత్తో సెంటు డబ్బా పట్టుకుని వరసల మధ్య చిమ్ముకుంటూ తిరిగాడు. కాసేపటికి కంపు కంపులాగే ఉంది, దానికి మల్లెపూల వాసన తోడైంది. వెనకాలే వచ్చిన టీచరమ్మ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది.

టీచరమ్మంటే ఆవిడేం బడిలో పాఠాలు చెప్పే మనిషి కాదు. ఈ ఆఫీసులో కొత్తగా చేరినవాళ్ళకి ఫోన్లో మాట్లాడటం నేర్పుతుంది. సముద్రాల అవతల ఎవరో ఏదో సామాను కొంటారు, అది పగిలిపోతుంది, లేదా చేరనే చేరదు. వాళ్ళు మండిపడుతూ ఫోను చేస్తే ఇక్కడ మోగుతుంది. అప్పుడు వాళ్ళ భాషలో, వాళ్ళ యాసలో, పక్కింటివాళ్ళలా మాట్లాడాలి. నోరు ఎక్కడ సాగదియ్యాలి, ఎక్కడ బిగించాలి, అవతలివాడు పుట్టుపూర్వోత్తరాలు ఎత్తి తిడుతున్నా గొంతులో నవ్వు చెదరకుండా ఎలా నిలుపుకోవాలి, ఇదంతా ఆవిడ నేర్పే విద్య. ఆ ఆఫీసులో ఆవిడ చేతి మీదుగా వెళ్ళని నాలుక లేదు. అందుకే అందరూ టీచరమ్మ అంటారు.

మేనేజరు సంగతి చెప్పాడు. గురువారం బయటిదేశం నించి ఒక జట్టు వస్తోంది. పెట్టుబడుల శాఖవాళ్ళు దగ్గరుండి తీసుకొస్తున్నారు. వచ్చేవాళ్ళకి ఈ ఏడు ఏదో ఒక దేశంలో వెయ్యి ఫోన్ల పని అప్పగించాలట. నాలుగు దేశాలు చూస్తున్నారట, మనది చివరిది. ఇక అసలు ముక్క ఏమిటంటే, కంపెనీ పంపిన కాయితాల్లో రెండు హాళ్ళూ కిటకిటలాడుతూ ఉన్నాయి. కాబట్టి గురువారం నాడు రెండో హాలు కూడా కిటకిటలాడాలి.

లైన్లే లేవు కదా, వీళ్ళు ఎవరితో మాట్లాడతారని ఆవిడ అడిగింది. ఎవరితోనూ అక్కర్లేదు, హెడ్‌సెట్లు చెవులకి తగిలించుకుని పెదాలు కదిపితే చాలు, వాళ్ళు అద్దం గోడ అవతల నించి చూసి పోతారు అన్నాడు మేనేజరు. తీసేసినవాళ్ళకి హెచ్ఆర్ వాళ్ళు ఫోన్లు చేస్తుంటే ఎత్తి మరీ తిడుతున్నారట. "మీరు పిలిస్తే వస్తారు టీచరమ్మగారూ. మీ మాటంటే వాళ్ళకి గురి," అన్నాడు.

పైన పటారం, లోన లొటారం అన్నది ఇంతకాలం సామెతే అనుకుంది ఆవిడ. ఇప్పుడు దానికో హాలు కట్టించి తివాచీ కూడా పరిచారు. ఛీ అని ఒక్క మాట అని వెళ్ళిపోవాల్సింది. కానీ ఆ ఖాళీ కుర్చీలు చూస్తుంటే రెండు నెలల కిందటి రోజు కళ్ళ ముందుకొచ్చింది. ఆ రోజు వాళ్ళంతా సంచులు పట్టుకుని ఆవిడ ముందు నించే వెళ్ళారు. ఆవిడ కాయితాలు సర్దుతున్నట్టు నటించింది.

"ఈ పని వస్తే వాళ్ళని మళ్ళీ తీసుకుంటారా సార్?" అని అడిగింది.

"తీసుకోక? వెయ్యి ఫోన్లంటే మాటలా? ఇంటిల్లిపాదినీ తెచ్చుకోమనండి," అన్నాడు మేనేజరు, సెంటు డబ్బా ఊపి ఇంకా ఎంత మిగిలిందో చూసుకుంటూ.

ఆవిడ వైపు చూడకుండానే అన్నాడు. ఆవిడ అది గమనించింది. గమనించి కూడా, తనకి కావలసిన మాట దొరికింది గనక, దాన్ని పట్టుకుని బయల్దేరింది.

మధ్యాహ్నమంతా ఫోన్లతో సరిపోయింది. కొందరు రాము రామంటూనే ఒప్పుకున్నారు. కొందరు ఏడ్చారు. కందిరీగ అని ఒకడున్నాడు, ముక్కుమీద కోపం, నోటినిండా వేళాకోళం. పనిపోయాక మోటారుసైకిలు మీద ఇంటింటికీ పొట్లాలు చేరవేస్తున్నాడు. లైను లేని ఫోన్లో మాట్లాడాలంటే తనకి వేరే నేర్పక్కర్లేదనీ, పెళ్ళయిన దగ్గర్నించీ ఇంట్లో చేస్తున్నది అదేననీ అన్నాడు. నవ్వి, మళ్ళీ తనే గొంతు తగ్గించి, ఉద్యోగం మాట నిజమేనా అని అడిగాడు. నిజమే అంది ఆవిడ. సాయంత్రానికి చెప్పి చెప్పి ఆ మాట ఆవిడకే నిజమనిపించింది.

రాగం మటుకు ఫోను ఎత్తలేదు.

రాగం కూడా ముద్దుపేరే. ఆ అమ్మాయి ఉద్యోగంలో చేరిన కొత్తలో ప్రతి మాటా చివర సాగదీసేది. 'కొండంత రాగం తీసి గోరంత పాట' అని అందరూ ఏడిపించి చివరికి అదే పేరు చేశారు. టీచరమ్మ ఆ అమ్మాయి గడ్డం కింద చెయ్యి పెట్టించి, దవడ కిందికి జారినప్పుడల్లా ఆపించి, ఆ సాగు పోగొట్టింది. పోగొట్టాక ఆ హాల్లో అంత చక్కగా మాట్లాడేవాళ్ళు లేకపోయారు. ఇప్పుడు బజారు మధ్య ఒక చెప్పుల దుకాణంలో ఉందని తెలిసి ఆవిడ అక్కడికే వెళ్ళింది.

రాగం పొట్టి పీట మీద కూర్చుని ఒక లావుపాటి ఆయన కాలికి బూటు తొడుగుతోంది. మడమ వెనక రేకు పెట్టి తోస్తోంది, కాలు దిగటంలేదు. ఆయన ఫోన్లో ఎవరితోనో మాట్లాడుకుంటూ, కాలు మటుకు ఆ అమ్మాయి ఒళ్ళోకి చాచి పెట్టాడు. ఆయన మేజోడు బొటనవేలి దగ్గర చిరిగి ఉంది. ఆ కాలూ, ఆ గోరూ, ఆ నిర్లక్ష్యమూ చూస్తే టీచరమ్మకి ఒళ్ళు మండిపోయింది. ఆయన ఆ జత వద్దని లేచిపోయాక రాగం చేతులు గుడ్డకి తుడుచుకుని వచ్చింది.

టీచరమ్మ చెప్పేదంతా వింటూ, పెట్టెలో బూట్ల మధ్య పల్చటి కాయితం మడతలు పెడుతూ నిలబడింది. మూడు రోజులు రాకపోతే ఈ కొట్టాయన మళ్ళీ గుమ్మం ఎక్కనివ్వడనీ, ఇంట్లో అమ్మా చిన్నపిల్లా తన మీదే ఆధారపడి ఉన్నారనీ చెప్పింది.

"నిజంగా తీసుకుంటారంటారా?" అంది.

"తీసుకుంటారు."

"వాళ్ళ మాట నాకొద్దు టీచరమ్మా. మీరు చెప్పండి. మీరు రమ్మంటే ఈ కొట్టు మానేసి వస్తాను. ఆ లావాయన కాలు కంటే మీ మాట నయం కదా."

"నా మాట మీద రా," అంది టీచరమ్మ.

మర్నాడు పొద్దున్నే రాగం వచ్చేసింది. కొట్టాయన ఏమన్నాడని అడిగితే, అన్నదేదో అన్నాడులెండి అని ఊరుకుంది.

రెండు రోజులు హాలంతా పెళ్ళిల్లులా తయారైంది. అద్దం గోడ అవతల నించి ఎంతవరకు కనిపిస్తుందో మేనేజరు వంగి వంగి కొలిచి చూసి, అంతవరకే గోడకి రంగు వేయించాడు. ఆ గీత కింద పాత మరకలు ఎక్కడివక్కడే ఉన్నాయి. చచ్చిన ఎలుక కోసం తివాచీ లేపి చూశారు, దొరకలేదు. ఆడవాళ్ళ మరుగుదొడ్డి శుభ్రంగా కడిగి, పూలకుండీ పెట్టి, వచ్చేవాళ్ళకోసమని తాళం వేశారు. అవసరమైనవాళ్ళు పక్క బిల్డింగుకి పోవాలట. కందిరీగ అది విని, ఈ దేశంలో ఆపుకోవడం కూడా ఉద్యోగానికి అర్హతేనని అన్నాడు. అందరూ నవ్వారు గానీ, పక్క బిల్డింగుకి పరుగెత్తే ఆడపిల్లలకి అది నవ్వులాట కాలేదు.

చెవులకి తగిలించుకునేవాటి సంగతి ఇంకా రోత. వాటికి చెవి దగ్గర మెత్తటి బిళ్ళలుంటాయి. రెండు నెలలు మూతపడి ఉండటంతో, పాతవాళ్ళ చెమటా తలనూనే పీల్చుకుని అవి జిడ్డోడుతున్నాయి. ముట్టుకుంటే వేలికి అంటుకుంటున్నాయి. కొత్తవి కొనరా అని అడిగితే ఒక్కరోజు ముచ్చటకి ఎందుకన్నాడు మేనేజరు. టీచరమ్మ ఆ బిళ్ళలన్నీ ఊడదీసి సంచిలో పోసుకుని ఇంటికి తీసుకుపోయింది. పెరట్లో బకెట్టు పెట్టి సబ్బుపొడి వేసి, ఒక్కొక్కటే నలిపి ఉతకడం మొదలుపెట్టింది. నీళ్ళు నల్లగా దిగాయి.

అత్తగారు గుమ్మంలో కూర్చుని చూస్తోంది. ఆవిడ కొడుకు, అంటే టీచరమ్మ మొగుడు, లారీ మీద ఊళ్ళు తిరుగుతుంటాడు. ఇంట్లో ఎప్పుడూ ఈ అత్తాకోడళ్ళే. "ఊరందరి చెవిగులిమీ మనింటికే తెచ్చావుటే?" అంది.

కోడలు చెప్పింది. అత్తగారు సాంతం విని, పెళ్ళిచూపులకని పక్కింటి సామానంతా తెచ్చి మన ఇంట్లో సర్దినట్టుందే అంది. ఆ మాత్రం ఎక్కడైనా జరిగేదేనంది కోడలు, బిళ్ళలు ఆరవేస్తూ. జరిగితే జరగనీ, ఆ సామాను మనుషులు కాకపోతే నాకేమీ పట్టింపు లేదంది అత్తగారు.

"ఆ చెప్పులకొట్టు పిల్లకి నువ్వు మాటిచ్చావు, బాగానే ఉంది. నీకు మాటిచ్చిందెవరు?" అంది చివర్న.

"మేనేజరు చెప్పాడత్తయ్యా."

"చెప్పాడా, మాటిచ్చాడా?"

కోడలు లేచి, బకెట్టు కాలవలోకి వంచింది.

ఇక ఆ రెండురోజులూ చేసిన సాధన గురించి చెప్పాలి. మొదట అందరికీ నవ్వొచ్చింది. వైరు కొస ఎక్కడా తగలకుండా బల్ల కింద వేలాడుతూ ఉంటే, ఎవరితోనని మాట్లాడతారు? బల్ల కింద అట్టముక్కతో అడ్డు బిళ్ళ అతికించి, వైర్లు గోడ పెట్టెలోకి పోతున్నట్టు చేశారు. పెదాలు కదపడమే కదా అని తలా ఒక పాట పాడారు. అద్దం అవతల నించి చూస్తే పశువులు నెమరేస్తున్నట్టుంది.

టీచరమ్మకి అది సహించలేదు. దొంగపనే కావచ్చు, తన శిష్యులు ఇంత అధ్వాన్నంగా చెయ్యడం ఆవిడ చూడలేకపోయింది. అలా కాదంది. అవతల ఒక మనిషి ఉన్నాడనుకోండి. అతను మాట్లాడేంతసేపూ మీరు ఆగాలి. ఆగినప్పుడు తల కొంచెం ఊపాలి. అతను కోప్పడితే మీ భుజాలు తగ్గాలి, చల్లబడితే మీ ముఖం విప్పారాలి. పెదాలతో అబద్ధం ఆడితే తెలిసిపోతుంది, ముందు చెవితో ఆడాలి. ఆ మాటకి కందిరీగ కూడా వేళాకోళం మానేసి విన్నాడు.

"అవతల ఎవరున్నారనుకోను టీచరమ్మా?" అంది రాగం.

"ఒక ముసలావిడ అనుకో. సామాను చేరలేదు. డబ్బు పోయిందేమోనని కంగారు. వినేవాళ్ళు దొరక్క నీకు ఫోను చేసింది. నువ్వు ఊరడించు."

రాగం కళ్ళు మూసుకుని తెరిచింది. ఊరడించడం మొదలుపెట్టింది. అరగంట గడిచేసరికి చుట్టూ ఉన్నవాళ్ళు తమ మాటలు ఆపి ఆ అమ్మాయి మాట వినసాగారు. అవతల ముసలావిడ ఏడుపు తగ్గించుకోవడం కూడా వినిపిస్తున్నంత బాగా మాట్లాడింది. బుధవారం పొద్దుగూకే వేళకి హాలు హాలంతా అలాగే తయారైంది. వరసలు వరసలుగా మనుషులు ఎవరూ లేనివాళ్ళని ఓదారుస్తున్నారు, క్షమించమంటున్నారు, మీ ఓపికకి ధన్యవాదాలంటున్నారు. టీచరమ్మ గుమ్మంలో నిలబడి వింది. ఆవిడ గుండె సంతోషంతో పొంగింది. ఆ వెంటనే, దేనికి పొంగిందో తెలిసి, నోట్లో చేదు ఊరినట్టయింది.

గురువారం రానే వచ్చారు. నలుగురు మనుషులు, వాళ్ళకి ముందు పెట్టుబడుల శాఖ ఆఫీసరు. ఆయన చంకలో ఒక పొడుగాటి బొమ్మల పుస్తకం. దాని అట్ట మీద మన పిల్లలు ముప్ఫైరెండు పళ్ళూ బయటపెట్టి నవ్వుతున్నారు, కింద పెద్ద అక్షరాలతో 'చవక, చదువు, చిరునవ్వు' అని ఉంది. దేశం మొత్తాన్ని మూడు మాటల్లో తూకం వేసిన ఘనుడెవరో గానీ, వాడి చేతిలో సంత నడిచిపోతుంది.

ఆఫీసరు మొదటి హాలు చూపిస్తూ వల్లె వేశాడు. మన దేశంలో చదువుకున్న పిల్లలు లక్షల్లో ఉన్నారట. వాళ్ళకి పనులు లేవట, ఆ లేకపోవడం పెట్టుబడి పెట్టేవాళ్ళకి ఎంతో అనుకూలమట. జీతాలు పక్కదేశంలో ఇచ్చేవాటిలో సగమట. సమ్మెలు లేవట, సంఘాలు పెట్టడం మనవాళ్ళ స్వభావంలోనే లేదట. తిట్టినా నవ్వుతారట. కట్టేసిన గేదెని అమ్మేవాడు కూడా దాని పాల గురించి ఒక మంచిమాట చెబుతాడు. ఈయన తిట్టినా తన్నదు అన్న ఒక్క మాటే పట్టుకున్నాడు. వెనకాల నడుస్తున్న టీచరమ్మకి చెవులు కాలిపోయాయి.

వచ్చిన జట్టుకి పెద్ద ఒక తెల్లజుట్టావిడ. సాదా బట్టలు, మెత్తటి మాట, ఎవరు పలకరించినా ఆగి నవ్వే మనిషి. ఆవిణ్ణి చూస్తే ఎవరికైనా మంచావిడ అనిపిస్తుంది. అద్దం గోడ దగ్గర అందరూ ఆగారు. ఆవిడ ఆగలేదు. తలుపు తోసుకుని రెండో హాల్లోకి నడిచింది. మేనేజరు ముఖాన కత్తివేటుకి నెత్తురుచుక్క లేదు.

హాలు తొణకలేదు. ఒక్కరూ తలెత్తి చూడలేదు. తెల్లజుట్టావిడ వరసల మధ్య నెమ్మదిగా నడుస్తూ వచ్చి రాగం వెనక నిలబడింది. రాగం ఊరడిస్తోంది. మీరు దిగులుపడకండి, మీ సామాను ఎక్కడుందో నేనే స్వయంగా చూస్తాను, మీరు ఫోను పెట్టేశాక కూడా నేను మిమ్మల్ని మర్చిపోను అంటోంది. తెల్లజుట్టావిడ చాలాసేపు వింది. తర్వాత వంగి బల్ల కిందికి చూసింది. పొద్దున బల్ల తడిగుడ్డతో తుడిచినప్పుడు నానిందేమో, అడ్డు బిళ్ళ ఊడి పక్కకి పడి ఉంది. వైరు కొస బయటికి వేలాడుతోంది. ఆవిడ దాన్ని రెండు వేళ్ళతో పైకి తీసింది. అటూ ఇటూ తిప్పి చూసింది. జాగ్రత్తగా తెచ్చి, రాగం చేతి పక్కన, బల్ల మీద పెట్టింది.

రాగం ఆ వైరు కొస చూసింది. హాల్లో అందరూ చూశారు. రాగం గొంతు ఆగలేదు, వణకనైనా లేదు. ముసలావిడ ఏదో అన్నట్టు కాస్త ఆగి, తల ఊపి, చిరునవ్వుతో, అయ్యో అంత మాటెందుకండీ, ఇది మా పనే కదా అంది. ఆ అమ్మాయి మెడ మీద చెమట బొట్లు కట్టి జాకెట్టులోకి జారుతోంది. ముఖంలో మటుకు ఏమీ లేదు. అంత నీచమైన దృశ్యం టీచరమ్మ పుట్టి బుద్ధెరిగి చూడలేదు. వెళ్ళి ఆ చెవి బిళ్ళలు లాగిపారేసి, ఇక చాలు లేమ్మా అనాలనిపించింది. కానీ వెళ్ళలేదు. ఆ గొంతు ఎక్కడా జారలేదే అని ఒక మూల లెక్క చూసుకుంటూ ఉంది కూడానూ.

సమావేశం గదిలో మేనేజరు తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు. ఆఫీసరు బొమ్మల పుస్తకం తెరిచి మూసి, మూసి తెరుస్తున్నాడు. తెల్లజుట్టావిడ మంచినీళ్ళు తాగి, తను మిగతా దేశాలు కూడా చూసి వచ్చానంది. అక్కడా ఖాళీ కుర్చీల్లో మనుషుల్ని తెచ్చి పెట్టారట, అది ఆవిడకి కొత్త కాదట. ఒకచోట వైరు పట్టుకోగానే కుర్రాడు లేచి పారిపోయాడట. ఇంకోచోట ఒక పిల్ల భోరున ఏడ్చిందట. "ఇక్కడ గొంతు కూడా చెదరలేదు. అటువంటివాళ్ళు నాకు వెయ్యిమంది కావాలి. వాళ్ళకి నేర్పింది ఎవరు?" అంది.

మేనేజరుకి పోయిన ప్రాణం లేచొచ్చింది. లేచి నిలబడి, రెండు చేతులతోనూ టీచరమ్మని చూపించాడు. అందరూ ఆవిడ వైపు తిరిగారు. ఇన్నేళ్ళలో ఆ గదిలో ఆవిణ్ణి ఎవరూ కూర్చోమనైనా అనలేదు. ఇప్పుడు తెల్లజుట్టావిడ తన పక్క కుర్చీ లాగి కూర్చోబెట్టుకుంది. ఎలా నేర్పారని అడిగింది. గడ్డం కింద చెయ్యి పెట్టించడం దగ్గర్నించి ముందు చెవితో వినడం దాకా అన్నీ శ్రద్ధగా అడిగి తెలుసుకుంది. పని తెలిసిన మనిషి పని గురించి అడిగితే ఎవరికి మాత్రం నోరు విప్పాలనిపించదు? టీచరమ్మ విప్పింది. ఆవిడకే తెలియకుండా వీపు నిటారైంది.

ఇలాంటివాళ్ళని తయారుచెయ్యడానికి ఎంతకాలం పడుతుందని అడిగింది తెల్లజుట్టావిడ.

"నెల చాలు," అంది టీచరమ్మ.

"ఎవరినైనా?"

"ఎవరినైనా. నోట్లో నాలుక లేనివాళ్ళని ఇవ్వండి, నెలలో నిలబెడతాను."

తెల్లజుట్టావిడ నవ్వి, పక్కనున్న కుర్రాడి వైపు తిరిగి రాసుకోమంది. అప్పుడు అసలు మాట బయటికొచ్చింది. పని ఈ దేశానికే ఇస్తారు. కాలేజీల నించి అప్పుడే బయటికొచ్చిన పిల్లల్ని తీసుకోవాలి. ఎవరినైనా నెలలో తయారు చెయ్యగలిగినప్పుడు, పాత జీతం ఎంతో గుర్తున్నవాళ్ళు ఎందుకు? మేనేజరు గంగిరెద్దులా తలూపాడు. అదీ మన దేశం అన్నాడు ఆఫీసరు.

టీచరమ్మ మొహం మీద చన్నీళ్ళు కొట్టినట్టయింది. ఆ హాల్లోవాళ్ళు సిద్ధంగా ఉన్నారనీ, వాళ్ళకి నెల కూడా అక్కర్లేదు రేపే కూర్చోగలరనీ అంది. ఇంకా ఏదో అనబోయింది. తెల్లజుట్టావిడ ఆమె చెయ్యి మీద చెయ్యి వేసి, మీ బాధ నాకర్థమైందంది. ఒకసారి వెళ్ళగొట్టించుకున్నవాళ్ళు, ఇవాళ ఇలా కూర్చున్నవాళ్ళు, ఇది మర్చిపోరు, మర్చిపోనివాళ్ళతో చిక్కొస్తుందంది. కొత్తగా వచ్చే వెయ్యిమందికీ మీరే పెద్ద, ఆ పదవికి పేరేం పెట్టుకుంటారో మీ ఇష్టం అంది. అంత దయగా చెప్పింది ఆ మాటలన్నీ. అంతమందిలో, అంత దయ ముందు, టీచరమ్మ నోరు ధన్యవాదాలు అంది. అలవాటున్న నోరు.

గుమ్మం బయట మేనేజరు ఆవిణ్ణి ఆపి, చేతులు పట్టుకుని, కొంప నిలబెట్టారన్నాడు. హాల్లోవాళ్ళని వెనక గదిలో కూర్చోబెట్టాను, వాళ్ళకి సంగతి మీరే చెప్పండి, మీరైతే మెత్తగా చెప్తారు అన్నాడు. వచ్చినవాళ్ళ కార్లు కదిలేదాకా మటుకు వాళ్ళని ముందు తలుపు వైపు రానివ్వద్దన్నాడు. మీరు మాట ఇచ్చారు కదా సార్ అంది ఆవిడ. తనేం కాయితం మీద రాసివ్వలేదన్నాడు. ఆయన ఒంటి నించి మల్లెపూల సెంటు వాసన వచ్చింది.

వెనక గది అన్నం తినే గది. దానికి కిటికీలు లేవు. అందరూ బల్లల చుట్టూ ఒత్తుకుని కూర్చున్నారు. తలల మీద జుట్టు ఆ చెవి పట్టీ ఒత్తుకుని నొక్కుకుపోయి ఉంది. ఆవిడ లోపలికి రాగానే మాటలాగాయి. కందిరీగ కుర్చీ ఖాళీ చేసి ఆవిడకి ఇచ్చాడు. ఎవరో ఫ్లాస్కులో టీ మిగిల్చి ఉంచారు, గ్లాసులో పోసి చేతికిచ్చారు. రాగం ఎదురుగా ఉంది. ముఖం కడుక్కుని వచ్చినట్టుంది, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. కానీ చూపులో ఆశ ఉంది. వైరు బయటపడినా తను ఆపలేదు గనక, పరీక్ష నెగ్గినట్టే అనుకుంటోందని ఆ చూపే చెప్తోంది.

టీచరమ్మ గ్లాసు బల్ల మీద పెట్టింది.

"ముందుగా, ఇవాళ మీరందరూ చూపించిన ఓర్పుకి..." అని మొదలుపెట్టింది.

రాగం చెయ్యెత్తి ఆపింది. ఆ చూపు మారిపోయింది.

"ఆ గొంతొద్దు టీచరమ్మా. దాన్ని మాకు నేర్పింది మీరే. ఆ గొంతుతో ఏం చెప్తారో మాకు తెలుసు. మామూలుగా చెప్పండి."

మామూలు గొంతు ఎక్కడుందో ఆవిడకి వెంటనే దొరకలేదు. నోరు తెరిచి, మూసి, చివరికి ఎలా వస్తే అలా చెప్పింది.

"పని లేదు. మీలో ఎవరికీ లేదు. కాంట్రాక్టు వచ్చింది, కొత్తవాళ్ళని తీసుకుంటారు."

 కందిరీగ గోడకి ఆనుకుని నిలబడ్డవాడల్లా ముందుకొచ్చాడు. "కొత్తవాళ్ళకి ఏమొచ్చని?" అన్నాడు.

"నేను నేర్పుతాను. ఎంతకాలం పడుతుందని అడిగారు. ఎవరినైనా నెలలో తయారుచేస్తానని చెప్పాను." ఆవిడ తల ఎత్తలేదు. "వాళ్ళు నన్ను బలవంతం చెయ్యలేదు. కుర్చీ వేసి అడిగారు, గొప్పకి పోయి చెప్పాను. దాంతో మీరు అక్కర్లేకపోయారు."

తిడతారని ఆవిడ ఎదురుచూసింది. కందిరీగ తిడితే హాయిగా ఉండేది. అతను బండి తాళాలు జేబులో వెతుక్కున్నాడు. ఒకరొకరే లేచారు. గిన్నెలు మూతపెట్టుకున్నారు, సంచులు సర్దుకున్నారు. ముందు వైపు పోకూడదా అని ఒకమ్మాయి అడిగింది. పోకూడదని టీచరమ్మే చెప్పాల్సి వచ్చింది.

రాగం అందరికంటే చివర లేచింది. వంగి చెప్పు పట్టీ బిగించుకుంది. చెప్పులకొట్టుకి మళ్ళీ వెళ్తావా అని అడగడానికి టీచరమ్మకి నోరు రాలేదు.

"అబద్ధమేం చెప్పలేదులెండి మీరు," అంది రాగం. "నాకు మూడు వారాలే పట్టింది."

సంచీ భుజాన వేసుకుని, మిగతావాళ్ళ వెనకాలే మెట్లు దిగి వెళ్ళింది.